మూడు రోజులు పని మానుకున్న మనిషిని ముందు అడగండమ్మా

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. కాస్త కుదించి ఇస్తున్నాను.

"మేడమ్, మా పాప మా ఊరి యూపీ స్కూల్లో ఎనిమిది పాసైంది. ఇక్కడ ఎనిమిది వరకే ఉంది. తొమ్మిదికి ఎక్కడ వేయాలో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. నెల్లూరులో హాస్టల్ ఉన్న ప్రైవేటు స్కూల్లో వేద్దాం, ఐఐటీ ఫౌండేషన్ కూడా చెప్తారు, ఫీజు మొత్తం నేనే కడతానని మా అన్న అంటున్నాడు. లేకపోతే మండలంలో జడ్పీ హైస్కూలు ఉంది, బస్సులో పోయి రావాలి. రెండేళ్ల కిందట మా ఆయన రొయ్యల గుంటలు లీజుకు తీసుకుంటే వైట్ స్పాట్ రోగం వచ్చి మొత్తం పోయింది. ఆ అప్పు కూడా మా అన్నే తీర్చాడు. ఇప్పుడు ఆయన వేరేవాళ్ల గుంటల మీద జీతానికి ఉంటున్నారు. పాప చదువు సంగతి ఏమీ పట్టించుకోరు. అడిగితే మీ అన్న చెప్పినట్టే కానీ అంటారు. ఎనిమిదిలో పరీక్ష పెట్టి ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పాపకి వచ్చింది. దానికి కావాల్సిన ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం ఆయన మూడు రోజులు పని మానుకుని తిరిగారు, అంతా చేస్తే వచ్చేది నెలకి వెయ్యి. మా అన్నకి పాపంటే ప్రాణం, తన కొడుక్కే చేసుకుంటానని చిన్నప్పటి నుంచీ అంటుంటాడు. పదో తరగతి దాకా ఎలా ప్లాన్ చేయాలో, ఏ స్కూలు మంచిదో చెప్పండి."

స్కూలు సంగతి ముందు తేల్చేస్తానమ్మా, మీ ఉత్తరంలో అది చిన్న సంగతి. జడ్పీ హైస్కూల్లో వేయండి.

నెలకి వెయ్యి అని తేలిగ్గా రాశారు. ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు, మొత్తం 48,000. అది మీ పాప పరీక్ష రాసి సంపాదించుకున్న డబ్బు. పైగా ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకే ఆ స్కాలర్‌షిప్. ప్రైవేటు స్కూల్లో చేర్చారంటే అది ఇక రాదు. ఈ మాట మీ అన్నకి తెలియకపోవచ్చు, మీకూ తెలిసినట్టు లేదు, మీ ఆయనకి మాత్రం తెలిసే ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే ఆ కాగితాల వెంట తిరిగింది ఆయనే కదా. ఇంకోటి చెప్తాను. పదో తరగతి మార్కుల మీదే సీటు ఇచ్చే ట్రిపుల్ ఐటీలు మనకి నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్నాయి. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకి అక్కడ 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. అంటే మీ ఇంటి దగ్గరే ఉన్న దారిని వదిలేసి, లక్షలు పోసి, ఆ రెండూ పోగొట్టుకునే చోటికి పిల్లని పంపబోతున్నారు. ఇక స్కూలు గురించి నన్ను మళ్లీ అడగకండి.

అసలు మాటకి వస్తాను. ఉత్తరం మూడుసార్లు చదివాను. మా అన్న, మా అన్న అని ఎన్నిసార్లు రాశారో మీరే ఒకసారి లెక్కపెట్టుకోండి. మీ ఆయన గురించి రాసినవి నాలుగు ముక్కలు. ఒకటి ఆయన నష్టపోయిన సంగతి, ఇంకోటి వేరేవాళ్ల దగ్గర జీతానికి ఉన్న సంగతి, మూడోది పట్టించుకోరని, నాలుగోది ఆ ఇన్‌కమ్ సర్టిఫికెట్. ఏం పట్టించుకోరని రాసిన చేత్తోనే మూడు రోజులు పని మానుకుని తిరిగారని రాశారే, ఆ రెండూ ఒక మనిషి గురించేనా తల్లీ? గుంటల మీద జీతానికి ఉన్న మనిషికి పని మానడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా, రాత్రంతా గుంట నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుని, పొద్దున మేత వేసి, ఆ తర్వాత సచివాలయం మెట్ల మీద కూర్చుని, సారు రేపు రండంటే రేపు మళ్లీ వెళ్లి, మూడు రోజుల పగటి పని మానుకుని కూతురి పేరు మీద ఒక కాగితం తెచ్చాడాయన. మీ ఉత్తరం మొత్తంలో మీ పాప చదువు కోసం ఒక మనిషి నిజంగా చేసిన పని అదొక్కటే. మిగతావన్నీ చేస్తాననే మాటలే.

మరి అడిగితే "మీ అన్న చెప్పినట్టే కానీ" అని ఎందుకంటారంటారా? అప్పు తీర్చినవాడి ముందు తన మాటకి విలువ లేదని ఆయనకి ఆయనే తేల్చుకున్నారు. మీరు కూడా కాదనలేదు. ఈ రెండేళ్లలో పాప వింటుండగా "ఆయనకేం తెలుసు", "ఆయన మాట విన్నందుకేగా ఇలా అయ్యాం" అని ఎన్నిసార్లు అని ఉంటారో నాకు తెలియదు, ఒక్కసారి కూడా అనలేదంటే నేను నమ్మను. వైట్ స్పాట్ వస్తే కోటీశ్వరుల గుంటలే ఎత్తిపోతాయి. అది రోగం, ఆయన తప్పు కాదు. మన తీరంలో ఆ దెబ్బ తినని ఇల్లు ఎక్కడుందో చూపించండి.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇది నేను ఎక్కువగా చెప్పుకోను. నా ఇంటర్ ఫీజు మా మేనమామ కట్టాడు. మంచి మనిషి, ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఏ మాట వచ్చినా అమ్మ "మా తమ్ముడు కట్టబట్టి కదా" అనేది, ఆ మాట రాగానే నాన్న అన్నం తింటున్నవాడు తింటున్నట్టే చెయ్యి కడుక్కుని వసారాలోకి వెళ్లిపోయేవాడు. నేను టీచరునయ్యాను, ఇరవై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పాను, నాన్న ఎప్పుడూ ఎవరితోనూ "నా కూతుర్ని నేను చదివించాను" అనలేకపోయాడు. ఆయన సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకుని నన్ను పదేళ్లు బడికి తీసుకెళ్లిన సంగతి ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. అందుకే మీ ఉత్తరం చదివి ఆగలేకపోయాను.

మీ అన్న చెడ్డవాడని నేననడం లేదు. కష్టంలో ఆదుకున్నాడు, చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఆయన మాటల్లో రెండు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి చూడండి, ఫీజు నేను కడతాను, పిల్లని నా కొడుక్కి చేసుకుంటాను. ఆయన మనసులో ముడి పెట్టాడో లేదో నాకు తెలియదు, పెట్టకపోయినా ముడి పడుతుంది. రేపు పాపకి ఇంకేదో చదవాలనిపిస్తే, లేదా ఆ అబ్బాయి వద్దనిపిస్తే, వద్దని చెప్పే నోరు ఈ ఇంట్లో ఎవరికుంటుంది? మీకుండదు. మీ ఆయనకి ఇప్పటికే లేదు. పద్నాలుగేళ్ల పిల్ల మెడ మీద అంత బరువు పెట్టి హాస్టల్‌కి పంపి, బాగా చదువుకో తల్లీ అంటే ఎలా చదువుతుంది? ఆ మేనరికం మాట పాప ముందు ఇక ఎవరూ అనకూడదని మీ అన్నకి సూటిగా చెప్పండి, ఆయన నొచ్చుకున్నా సరే.

అప్పు సంగతి వేరే తేల్చుకోవాలి. మీరిద్దరూ కూర్చుని మీ అన్నకి ఎంత ఇవ్వాలో ఒక నోటు పుస్తకంలో రాయండి. నెలకి ఎంత ఇవ్వగలరో, రెండు వేలైనా సరే, ఇవ్వడం మొదలుపెట్టండి. ఆయన వద్దంటాడు, అయినా ఇవ్వండి. మీ ఆయన చేత్తో ఇప్పించండి.

ఇప్పుడు మీరు అడిగిన ప్లాన్. ఇది కూడా చెప్తాను, కానీ ఇందులో సగం పనులు మీ ఆయనవి, మీవి కావు, ఆ సగాన్ని మళ్లీ మీరు లాక్కోవద్దు. మామూలుగా జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. ఈలోపే టీసీ తీసుకోవడానికి ఆయన్నే వెళ్లమనండి. అందులో పాప పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోమనండి, పదో తరగతి మెమోలో పడిందే జీవితాంతం వెంట వస్తుంది, తర్వాత మార్చుకోవాలంటే ఎంత తిరగాలో ఆ బాధ పడ్డవాళ్లని నేను చాలామందిని చూశాను. స్కాలర్‌షిప్‌కి తొమ్మిదిలో చేరగానే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి, పాప పేరున బ్యాంకు ఖాతా ఉండి దానికి ఆధార్ లింకు అయి ఉండాలి. హెడ్మాస్టరుగారిని కలిసి ఈ పని ఎవరు చూస్తారో అడగాలి, గడువు దాటనివ్వకూడదు. ఏటా రెన్యువల్ ఉంటుంది, తొమ్మిది నుంచి పదికి మొదటిసారే పాసవ్వాలి. ఇంటర్‌లో కూడా రావాలంటే పదిలో 60 శాతం తెచ్చుకోవాలి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చిన మనిషికి ఇదేం పెద్ద పని కాదు.

బస్సంటే మీకు భయంగా ఉన్నట్టుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకి ఛార్జీ లేదు, కాబట్టి డబ్బు సమస్య కాదు, వేళ సమస్య. బడి తెరవకముందే ఒకరోజు పాపని తీసుకుని ఆయన అదే బస్సులో వెళ్లి, అదే వేళకి తిరిగి రావాలి. బస్సు తప్పితే ఏం చేయాలో, ఎవరి ఇంటి దగ్గర ఆగాలో, మీ ఊరి నుంచి ఇంకెవరు పిల్లలు వెళ్తున్నారో అప్పుడే తెలుస్తుంది. స్కూల్లో బాత్రూములు ఎలా ఉన్నాయో మీరు స్వయంగా చూడండి, నెలసరి రోజుల్లో ఎవరికి చెప్పాలో అక్కడి లేడీ టీచర్ని ఒకరిని పరిచయం చేసుకుని రండి. ఇది మాత్రం తల్లి పని.

చదువు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను. మొదటి పరీక్షలో మార్కులు తగ్గుతాయి, తగ్గగానే హాస్టలే నయమని అనకండి. ఎనిమిది దాకా లెక్కంటే జవాబు రాబట్టడం, తొమ్మిదిలో బహుపదులు, యూక్లిడ్ జ్యామితి మొదలవుతాయి, అది ఎందుకు నిజమో నిరూపించమంటారు. బాగా చదివే పిల్లలు కూడా అక్కడ తడబడతారు, నా క్లాసులో ఎనిమిదిలో ఫస్టు వచ్చిన పిల్లలు తొమ్మిది మొదటి పరీక్ష పేపరు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చేవాళ్లు, దసరా సెలవుల నాటికి కుదురుకునేవాళ్లు. కొత్త బడి, కొత్త పిల్లలు, చిన్న బడిలో అందరికీ పేరు పెట్టి తెలిసిన పిల్ల ఇక్కడ అరవై మందిలో ఒకతి. ఆ మూడు నాలుగు నెలలు సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరో ఒకరి దగ్గర కూర్చుని చెప్పుకోవాలి. ఆదివారం ఫోన్లో పది నిమిషాలు మాట్లాడితే సరిపోయే వయసు కాదిది. ట్యూషన్ కావాలంటే లెక్కలకి ఒక్కదానికే, అదీ దసరా తర్వాతే, స్కూల్లో లెక్కల సారుని అడిగి.

ఇంకో సంగతి, ఇంత పెద్ద ఉత్తరంలో పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా? నాకు తెలిసి అడగలేదు. అడగండి, కానీ మీరు ఒక్కరే కాదు. ఇవాళో రేపో ఆయన రాత్రి కాపలాకి వెళ్లకముందు ముగ్గురూ కూర్చోండి. పాప ముందే మీరు ఆయన్ని అడగండి, "ఆ స్కాలర్‌షిప్ సంగతి ఏమిటండీ, ఎన్నేళ్లు వస్తుంది, ఏం చేయాలి?" అని. ఆయనకి తెలిసింది చెప్పనివ్వండి, మధ్యలో మాట అందుకోవద్దు, తప్పు చెప్పినా అప్పుడు దిద్దవద్దు. మొదటిరోజు ఏం తోచనట్టు చూస్తారు, రెండేళ్లుగా ఎవరూ అడగలేదు కదా. మర్నాడు మళ్లీ అడగండి.

పాపని జడ్పీ హైస్కూల్లో వేస్తున్నామని మీ అన్నకి ఫోన్ చేసి చెప్పాల్సింది ఆయనే. మీరు పక్కన కూర్చోండి. మీ అన్న ఫోన్ చెల్లెలికి ఇవ్వమంటే తీసుకోండి, తీసుకుని "ఆయన చెప్పిందేనన్నా" అనండి, అంతకు మించి ఇంకేమీ వద్దు.