నాన్నకి నువ్వే చెప్పు

ఉత్తరంలో నన్ను అక్కా అని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను.

నీకు 28 ఏళ్లు. విజయనగరం దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరైన నాన్నే, పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు కట్టి నీకు టెన్నిస్ నేర్పారు. టోర్నమెంట్లకి తిప్పడానికి ఎకరంన్నర అమ్మారు. స్కాలర్‌షిప్ మీద అమెరికా కాలేజీలో చదివి, ఆ జట్టుకి ఆడి, తర్వాత ఆరేళ్లు ప్రొఫెషనల్‌గా తిరిగావు. ర్యాంకు 600 దగ్గర ఆగిపోయింది. మోకాలు పాడైంది. చదివిన కాలేజీవాళ్లే అసిస్టెంట్ కోచ్‌గా రమ్మంటున్నారు. వెళ్లాలా, ఇంకో రెండేళ్లు ఆడాలా అని అడిగావు.

వెళ్లు. దీనికి ఇన్ని పేజీలు అక్కర్లేదు. నువ్వు ఆడే 15 వేల డాలర్ల టోర్నమెంట్లలో ఆ మొత్తాన్ని అందరూ పంచుకోవాలి. మొదటి రౌండులో ఓడితే చేతికొచ్చేది హోటల్ గదికే చాలదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 నాటి లెక్కలు తీస్తే, కోచ్ ఖర్చు కలపకుండానే, ఆడవాళ్లలో ఖర్చుకి సంపాదన సరిపోయేది 253వ ర్యాంకు దాకానే అని తేలింది. ఈ లెక్క నాకంటే నీకే బాగా తెలుసు. ఉత్తరం రాసేనాటికే నిర్ణయం తీసేసుకున్నావు. నీ పెళ్లి గురించి మేనత్త చేసే గోల కూడా పక్కన పెట్టు, అది వచ్చే ఏడాదీ ఉంటుంది.

నన్ను పట్టుకున్నది మూడో పేజీలో నువ్వు రాసిన మాట: ‘ఆడలేనివాళ్లే కోచ్‌లవుతారు అంటారు కదక్కా.’

అమ్మా, మీ నాన్న ఎవరు? ముప్పయ్యేళ్లు ఎండలో విజిల్ పట్టుకుని ఊరి పిల్లలకి ఆట నేర్పిన మనిషి. ఆ వాక్యం ఆయన కంటపడితే ఏమవుతారో ఒక్కసారైనా అనుకున్నావా? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరికి చిన్నప్పుడు బరువులెత్తడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న గారు. 2000లో సిడ్నీలో ఆమె మెడలో పడిన కంచు పతకంలో ఆ చేతులున్నాయి. మన ప్రాంతంలో పుట్టి, నేర్పే పనిని ఇంత తేలిగ్గా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. వచ్చింది కూడా.

కానీ నీకు నాన్న అంటే చులకన లేదు. భయం ఉంది. ఫోన్‌లో ఆయన మొదటి మాట ‘స్కోరెంత’ అని రాశావు. ఓడితే రెండు రోజులు ఫోన్ ఎత్తరని, అర్ధరాత్రి రెండింటికి లేచి సెల్లులో పాయింటు పాయింటుకీ స్కోరు చూస్తారని అమ్మ చెప్పిందని రాశావు. నీకూ ఆయనకీ మధ్య పాతికేళ్లుగా టెన్నిస్ తప్ప వేరే మాట లేదు. ఆట మానేస్తే నాన్నతో ఏం మాట్లాడాలో తెలీదు నీకు. మోకాలి నొప్పిని రెండేళ్లుగా దాచింది కూడా అందుకే. ఆ భయానికే పొలం బాకీ అని పేరు మార్చి పెట్టుకున్నావు.

కన్నవాళ్లు పిల్లల కోసం అమ్మిన పొలానికి వడ్డీ ఉండదు, అసలూ ఉండదు. ఇది నేను గట్టిగా నమ్ముతాను. ఆయన అడగలేదు, నువ్వు తీర్చక్కర్లేదు. మాట మాత్రం బాకీ ఉన్నావు. ఆ మాట కూడా అమ్మచేత చెప్పిస్తానంటున్నావు చూడు, అది మాత్రం వద్దు. అమ్మ నీ తరఫున మాటలు మోసింది చాలు. ‘దానికి ఒంట్లో బాగోలేదట’ అని ఆవిడ నసుగుతుంటే ఆయన సగం విని లేచి వెళ్లిపోతారు. కూతురు తన ఆట ఆగిపోయిందన్న సంగతి భార్య నోట వినాల్సి రావడం ఆయనకి అవమానం. ఓడిపోయిన మ్యాచ్‌లన్నిటికంటే అదే ఎక్కువ బాధపెడుతుంది.

కాలేజీ మ్యాచ్‌లో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి. డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకి ఒక్క పాయింటు, ముందు నాలుగు పాయింట్లు తెచ్చుకున్న జట్టుదే మ్యాచ్ అని నువ్వే రాశావు. కోర్టులో వైపులు మారేటప్పుడు కోచ్ పక్కన కూర్చుని మాట్లాడొచ్చట కదా. మీ నాన్నకి ఆ భాగ్యం దక్కలేదు. నీ మ్యాచ్‌లన్నీ కంచె అవతల నిలబడి నోరు మూసుకుని చూశారు. ఆరుగురు పిల్లల్లో ఎవర్ని ఏ కోర్టులో దించాలి, జారిపోతున్న పిల్లకి ఏం చెప్పాలి అని నువ్వు అడిగితే ఆయన దగ్గర రాత్రి తెల్లారేదాకా సరిపడా మాటలుంటాయి.

కాలేజీకి జవాబు ఇంకా ఇవ్వకు, ముందు ఇంటికి వెళ్లు. పైడితల్లమ్మ జాతరకి వస్తున్నానన్నావు. సిరిమానుకి ముందురోజు జరిగే తొలేళ్లకి నాలుగు రోజుల ముందే చేరుకో. సిరిమాను తిరిగే మంగళవారం ఇల్లంతా చుట్టాలుంటారు, వాళ్లలో ఈ మాట ఎత్తకు. ప్రతి సంక్రాంతికీ ఇల్లంతా సున్నం వేయించినా, నువ్వు బంతి కొట్టిన పెరటిగోడ ఒక్కటీ మచ్చలతోనే వదిలేస్తారని రాశావు. సాయంత్రం ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి, ముందు మోకాలు చూపించు.