హైబ్రిడ్ కారు మైలేజి: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కంపెనీ కాగితంలో లీటరుకి 27.97 కిలోమీటర్లు అని ఉంటే మీటరులో 18 దాటడం లేదని రాశావు. బండిలో ఏదో లోపముందేమోనని దిగులు పడుతున్నావు. దిగులొద్దు తల్లీ. ఆ 27.97 ల్యాబులో రోలర్ల మీద బండిని పెట్టి, లెక్కగా నడిపించి తీసిన అంకె. మే నెల నెల్లూరు ఎండా, ట్రంకు రోడ్డు ఆటోలూ అందులో లేవు. మీ బండిలాంటి, పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిసి నడిపే 1.5 లీటర్ల హైబ్రిడ్‌కి ఊళ్ళో, హైవేలో కలిపి 22 నుంచి 24 వస్తే బాగా వచ్చినట్టే. 18 మాత్రం తక్కువే. అది పెరుగుతుంది, కానీ కొంత అలవాటు మార్చుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట పట్టుకో. ఈ బండికి ప్లగ్గు లేదు. బ్యాటరీలోకి వచ్చే కరెంటంతా నువ్వు బంకులో పోయించిన పెట్రోలు నుంచి వచ్చిందే. బండి బ్యాటరీ మీదే నడుస్తోందని పచ్చగా 'ఈవీ' అని వెలగ్గానే పెట్రోలు మిగిలిపోతోందని చాలామంది మురిసిపోతారు. ఆ లైటు ఆరిపోకూడదని ఎద్దుబండిలా 20లో పోతుంటారు. బ్యాటరీ ఎంతుంటుందో తెలుసా? 0.76 కిలోవాట్ అవర్లు. నిండా ఉన్నా సుమారు 200 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి ఇంజను చేసే పనికి సమానం, అంటే ఒక గ్లాసుడు. అందులోనూ పూర్తిగా ఖాళీ కానీదు, పూర్తిగా నింపనీదు, మధ్య భాగమే వాడుకుంటుంది. అది ఖాళీ అయ్యేసరికి ఇంజను లేచి, బండినీ నడపాలి, బ్యాటరీనీ నింపాలి. పెట్రోలు కరెంటుగా మారేటప్పుడు కొంత, ఆ కరెంటు మళ్ళీ చక్రం దాకా వచ్చేటప్పుడు కొంత పోతుంది. నిజంగా కలిసొచ్చేది రెండు చోట్ల. ఇంజను పనిచేస్తే సరైన బరువు (లోడు) మీద పనిచేయాలి. ఒకసారి తెచ్చుకున్న వేగం బ్రేకు డిస్కుల మీద వేడిగా పోకూడదు. నేను కింద రాసేదంతా ఈ రెండింటి కోసమే.

కదిలేటప్పుడు బెదురుతూ తొక్కొద్దు. మీటరులో 'ఛార్జ్', 'ఎకో', 'పవర్' అని మూడు భాగాలుంటాయి చూడు. సూదిని ఎకో భాగం పై సగంలో ఉంచి, పవర్‌లోకి పోనీకుండా, చురుగ్గా 45 దాకా తీసుకుపో. ఇంజను లేచినా పరవాలేదు. ఆ బరువు మీద అది పెట్రోలుని బాగా వాడుకుంటుంది. 45 రాగానే కాలు పూర్తిగా ఎత్తు. ఇంజను ఆగుతుంది, సూది ఛార్జ్‌లోకి జారుతుంది. అప్పుడు బొటనవేలు ఆనీ ఆననట్టు యాక్సిలరేటర్ మీద మళ్ళీ పెట్టు. శక్తి ఎటు పోతోందో చూపించే బొమ్మలో బాణాలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. ఛార్జ్ కావడమూ లేదు, ఖర్చు కావడమూ లేదు, బండి తన ఊపులో తాను జారిపోతుంటుంది. ఆ చోటు కాలికి దొరకడానికి వారం పడుతుంది. దొరికాక ఖాళీ రోడ్డులో బండి ఎంత దూరం అట్లా జారిపోతుందో చూస్తే నీకే ఆశ్చర్యంగా ఉంటుంది. వేగం 35కి దిగాక మళ్ళీ చురుగ్గా 45కి. ఇది ఊళ్ళో, వెనక బండి ఆనుకుని లేనప్పుడే. హైవేలో ఈ ఆట వద్దు, వెనక లారీవాడికి నువ్వేం చేస్తున్నావో అర్థం కాదు.

బ్రేకు దగ్గరే చాలామంది పోగొట్టుకుంటారు. ఈ బండిలో బ్రేకు మెత్తగా తొక్కితే మోటారే జనరేటరై, వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలో వేస్తుంది. గట్టిగా తొక్కితే అది చాలదు, డిస్కులు పట్టుకుంటాయి. అక్కడికి ఆ పెట్రోలు వేడై గాల్లో కలిసినట్టే. వీఆర్సీ సెంటర్లో సిగ్నలు ఎర్రగా ఉందని దూరం నుంచే కనిపిస్తుంది కదా, అక్కడే కాలు ఎత్తు. తర్వాత పాదం బరువు మాత్రమే బ్రేకు మీద వెయ్యి. సూది ఛార్జ్ భాగం చివరికి కొట్టుకోకుండా, దానికి కొంచెం లోపలే ఉండాలి. పది కిలోమీటర్ల వేగం లోపల ఎట్లాగూ మామూలు బ్రేకే పట్టుకుంటుంది, అది తప్పదు. ఒంగోలు పోయేటప్పుడు ముసునూరు టోల్‌గేటు దగ్గరా, టంగుటూరు టోల్‌గేటు దగ్గరా గేటు ముందుదాకా దూసుకుపోయి బ్రేకు తొక్కొద్దు. బోర్డు కనబడగానే ఎడమకి తగ్గి కాలు ఎత్తితే చాలు.

ఆగినప్పుడు గేరు న్యూట్రల్లో వెయ్యొద్దు. పాత బండ్లు నడిపినవాళ్ళందరికీ చెయ్యి అటే పోతుంది. న్యూట్రల్లో ఉంటే ఈ బండిలో బ్యాటరీ ఛార్జ్ కాదు. ఇంజను తిరుగుతున్నా సరే, ఏసీ మాత్రం బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టు. రైల్వే గేటు దగ్గర చాలాసేపు ఆగాల్సొస్తే పార్కింగ్‌లో వెయ్యి.

చిన్న చిన్న తిరుగుళ్ళ సంగతి. నీ 18కి సగం కారణం ఇదేనని నా అనుమానం. చల్లగా ఉన్న ఇంజను లేవగానే బండి నడపడం కోసం కాదు, పొగ గొట్టంలో ఉండి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడి చేయడం కోసం కొంతసేపు తిరుగుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా తిరుగుతుంది. పిల్లల్ని బడిలో దింపి ఇంటికి, గంటాగి కూరగాయలకి, సాయంత్రం మళ్ళీ గుడికి అని రెండేసి కిలోమీటర్లు నాలుగుసార్లు పోతే, నాలుగుసార్లూ ఆ వేడి ఖర్చు పెట్టాలి. అదే ఒకే విడతలో, దూరపు పని ముందు పెట్టుకుని దగ్గర పనులు తిరిగొచ్చేటప్పుడు చేసుకుంటే ఒక్కసారితో సరి. తాళం వేసి నిలబెట్టి వేడెక్కించాల్సిన పని లేదు. రెడీ లైటు రాగానే కదిలి, మొదటి కిలోమీటరు నిమ్మళంగా పో. కారుని వరండాలోంచి పక్కకి జరపడానికి మాత్రం ఈవీ బటన్ నొక్కి జరుపు. దాని అసలు ఉపయోగం అదే. ఇరవై అడుగుల కోసం చల్లటి ఇంజను లేపి ఆపేయడం పెట్రోలుకీ దండగ, ఇంజనుకీ మంచిది కాదు.

హైవేలో గాలే శత్రువు. వేగం పెరిగేకొద్దీ గాలి తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్నదానికి 100లో ఒకటిన్నర రెట్లు. హైబ్రిడ్ గొప్పతనమంతా ఆగుతూ కదిలే చోటే, ఒకే వేగంతో గంటసేపు పోతే మోటారుకి ఆదుకునే అవకాశం తక్కువ. నాలుగు వరసల రహదారిలో కార్లకి 100 దాకా అనుమతి ఉంది, నిజమే. కానీ నెల్లూరు నుంచి ఒంగోలుకి 120 కిలోమీటర్లు, 100కి బదులు 80 మీద పోతే పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం, అంతే. 80, 85 మధ్య క్రూజ్ కంట్రోల్ పెట్టుకో. కావలి, సింగరాయకొండ వైపు రోడ్డు చదునే కాబట్టి అది బాగా పనిచేస్తుంది. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా మార్కాపురం పోయేటప్పుడు మాత్రం తీసెయ్యి. ఎత్తు రాగానే క్రూజ్ ఆ వేగమే నిలపాలని ఇంజనుని అరిపిస్తుంది. నువ్వైతే ఎత్తులో ఒక ఐదు తగ్గనిచ్చి, దిగుడులో మళ్ళీ తెచ్చుకోవచ్చు.

దోర్నాల ఘాటు దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతుంది. అప్పుడు కాలు తీసినా ఇంజను ఉన్నట్టుండి గట్టిగా అరుస్తుంది. భయపడొద్దు, అది పెట్రోలు తాగడం లేదు. కరెంటు పెట్టుకునే చోటు లేక, ఇంజనుని తిప్పి వేగాన్ని ఆపుకుంటోంది. పొడుగాటి దిగుళ్ళలో గేరు 'బి'లో వేసుకుంటే బ్రేకులు కాలవు. చదును నేల మీద 'బి'లో నడపొద్దు, కాలు ఎత్తినప్పుడల్లా బండి ఈడ్చినట్టు ఆగి, జారాల్సిన దూరం పోతుంది.

ఏసీ గురించి నువ్వు భయపడి ఎండలో కూడా ఆపేస్తున్నానన్నావు. అట్లా చెయ్యొద్దు. పెద్ద బ్యాటరీని చల్లబరిచేది లోపలి గాలే. వెనక సీటు దగ్గర జల్లెడలాంటి చిన్న మూత ఉంటుంది, అక్కడి నుంచి ఫ్యాను గాలి లాగుతుంది. లోపల 45 డిగ్రీలుంటే బ్యాటరీకీ అదే గాలి. వేడెక్కిన బ్యాటరీ కరెంటు తీసుకోవడమూ ఇవ్వడమూ తగ్గించేస్తుంది, ఆ బరువు ఇంజను మీద పడుతుంది. ఎండలో నిలిపిన బండెక్కగానే నాలుగు అద్దాలూ దించి అర కిలోమీటరు పో, వేడి బయటికి పోతుంది. తర్వాత ఎక్కించి ఏసీ 25 మీద పెట్టు. 18 మీద పెట్టావంటే కంప్రెసరు బ్యాటరీని పీల్చి, సిగ్నల్లో నిలబడి ఉన్నా ఇంజను లేచి కూర్చుంటుంది. వేపచెట్టు నీడ దొరికితే పది అడుగులు ఎక్కువ నడిచినా సరే అక్కడే నిలుపు. ఆ జల్లెడ మూత మీద సంచులూ, దుప్పట్లూ పెట్టకు. సర్వీసుకిచ్చినప్పుడు దాని ఫిల్టరు తీసి దుమ్ము దులిపించమని నోరు తెరిచి అడుగు, చెప్పకపోతే మరిచిపోతారు.

టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించు. పొద్దున్నే, బండి కదలక ముందో, రెండు కిలోమీటర్ల లోపలో. ఎండలో తిరిగొచ్చి కొట్టిస్తే వేడికి గాలి ఉబ్బి ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తక్కువైపోతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించి ఉంటుంది. బంకులో కుర్రాడు అన్ని బండ్లకీ ఒకటే కొడతాడు, ఆ అంకె నువ్వే చెప్పు. ముందూ వెనకా వేరుగా ఉంటే వేరుగానే కొట్టించు. వెడల్పు టైర్లు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిద్దామని ఎవరైనా అంటే వద్దను. టైరు మార్చాల్సొచ్చినా అదే సైజు, సులువుగా దొర్లే రకమే అడిగి తీసుకో.

ఇంజను ఆయిలు పుస్తకంలో రాసిందే, 0డబ్ల్యూ-16 లాంటి పల్చటిది. మన ఎండకి చిక్కటిది పోస్తే ఇంజను చాలాకాలం వస్తుందని బయటి మెకానిక్కులు చెప్తారు. ఈ ఇంజను నిమిషానికోసారి ఆగి లేస్తుంటుంది, చిక్కటి ఆయిలు ప్రతి లేపుడులో అడ్డం పడుతుంది. చీమకుర్తి వైపు గ్రానైటు లారీల వెనక తిరిగితే ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది, అటు ఎక్కువ పోయినప్పుడు చెప్పిన గడువుకి ముందే తీసి చూపించు.

మన సముద్రపు గాలికి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. ఈ బండిలో డిస్కు బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి వాటికి తుప్పు ఎక్కువ పడుతుంది. మైపాడు, కొత్తపట్నం దారుల్లో తిరిగే బండ్లకి మరీ. బ్రేకు పట్టే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటే, కాలు తీసినా ప్యాడు డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. మైలేజి నెమ్మదిగా పడిపోతుంది, కారణం కనబడదు. పరీక్ష సులువు. ఖాళీ రోడ్డులో చివరి కిలోమీటరు బ్రేకు దాదాపు ముట్టకుండా జారుతూ వచ్చి ఆపు. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేయి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడు. ఒక చక్రం దగ్గర సెగ కొడుతుంటే అదే పట్టుకుంది. పిన్నులు విప్పి, శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజే పెట్టించు. వానల తర్వాత ఇది తప్పకుండా చూసుకో.

డిక్కీలో ఉండే బియ్యం బస్తా, నిమ్మకాయల సంచి దింపెయ్యి. పైన క్యారియరు అవసరమైన రోజే బిగించు, మామూలు రోజుల్లో అది గాలికి అడ్డం.

ఇక కొలత. మీటరు చూపించే అంకె కొంచెం ఆశావాది. బంకులో గన్ను తనంతట తాను ఆగేదాకా నింపించి, కిలోమీటర్లు రాసుకో. మళ్ళీ నింపేటప్పుడు అదే బంకులో, వీలైతే అదే గన్నుతో, ఒక్క క్లిక్కుకే ఆపించు. చిల్లర సరిచేద్దామని ఇంకో అర లీటరు కుక్కనీయకు. ట్యాంకు ఆవిరిని పట్టే డబ్బాలోకి పెట్రోలు పోతే అది పాడవుతుంది. 612 కిలోమీటర్లకి 27.2 లీటర్లు పట్టిందనుకో, 22.5. ఒక్క ట్యాంకుతో ఏమీ తేల్చొద్దు, వరసగా నాలుగు ట్యాంకుల సగటు చూడు. ఇప్పుడు మనకి దొరికే ఈ20 పెట్రోల్లో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినదాంట్లో, ఇథనాల్ కలపని పెట్రోలుతో పోలిస్తే 6, 7 శాతం శక్తి తక్కువని కూడా గుర్తుంచుకో. ఆ మేరకు తగ్గితే తప్పు నీది కాదు, బండిదీ కాదు. పైగా కొత్త ఇంజను, మొదటి కొన్ని వేల కిలోమీటర్లు తిరిగి లోపల సర్దుకున్నాక ఇంకొంచెం మెరుగవుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లూ గట్టిగా తొక్కకు, ఒకే వేగంలో గంటలు గంటలు నడపకు.

ఊరికి పోయి నెలరోజులు బండి కదపకపోతే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా అది లేకపోతే రెడీ లైటే రాదు. వారానికోసారి ఎవరితోనైనా రెడీలో పెట్టి అరగంట ఉంచమను.

ఆదివారం పొద్దున టైర్ల గాలి చూపించి, డిక్కీ ఖాళీ చేసి, ఫుల్ ట్యాంకు కొట్టించి మొదలుపెట్టు. నాలుగో ట్యాంకు కాగానే కిలోమీటర్లు, లీటర్లు, ఎన్ని రోజులు ఊళ్ళో, ఎన్ని రోజులు హైవేలో తిరిగావో రాసి పంపు. అప్పటికీ 20 దాటకపోతే ముందు ఆ చక్రాల సెగ చూడు, తర్వాత వీల్ అలైన్‌మెంటు చూపించు. అదీ అయ్యాక ఇంకేం చూడాలో నేను రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య,
నెల్లూరు