సిట్రిక్స్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది, చేరొచ్చా?

ప్రశ్న: ఈ ఏడాదే బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాను. ఒక కంపెనీలో సిట్రిక్స్ సపోర్ట్ టీమ్‌లో ట్రైనీగా ఆఫర్ వచ్చింది. అకౌంట్స్, స్టాక్ సాఫ్ట్‌వేర్లు సెంట్రల్ సర్వర్ల మీదే నడుస్తాయట, దూరంగా ఉన్న బ్రాంచీల వాళ్లు వాటిలోకి లాగిన్ అయి పనిచేస్తారట. అన్నీ బ్రౌజర్‌లోకి వచ్చేస్తుంటే ఈ పాత టెక్నాలజీ ఎందుకు, కోడింగ్ వైపు వెళ్లమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయను?

జవాబు: సాఫ్ట్‌వేర్ తయారుచేయడమే మీకు ఇష్టమైతే ఈ ఆఫర్ వదిలేయండి, అది తప్పేమీ కాదు. సిస్టమ్స్, నెట్‌వర్క్ మీద ఆసక్తి ఉంటే మాత్రం పాతదన్న మాట పట్టుకుని వెనక్కి తగ్గకండి.

పాతదన్న మాట నిజమే. ప్రోగ్రామ్‌ను సర్వర్ మీద నడిపి దూరంగా ఉన్నవాళ్లకు దాని స్క్రీన్ చూపించే సిట్రిక్స్ కంపెనీ సాఫ్ట్‌వేర్ విన్‌ఫ్రేమ్ వచ్చింది 1995లో. 1998లో మైక్రోసాఫ్ట్ కూడా అదే పనికి విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ తెచ్చింది. అదే మైక్రోసాఫ్ట్ 2019లో ఈ పద్ధతినే అజూర్ క్లౌడ్ మీదికి తీసుకెళ్లింది. ఇన్నేళ్లయినా ఇది ఎందుకు నిలిచిందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక ఇన్‌వాయిస్ తెరవడానికి అకౌంట్స్ ప్రోగ్రామ్ డేటాబేస్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా 200 సార్లు అడుగుతుందనుకోండి. బ్రాంచికీ సర్వర్‌కీ మధ్య రానూపోనూ 80 మిల్లీసెకన్లు పడితే మొత్తం 16 సెకన్లు. ప్రోగ్రామ్‌నే డేటాబేస్ పక్కన నడిపితే ఆ ఎదురుచూపు ఒక్క సెకను కూడా ఉండదు. బ్రాంచికి వెళ్లేది స్క్రీన్ బొమ్మ, అక్కడినుంచి వచ్చేది కీబోర్డ్, మౌస్ కదలికలు. ల్యాప్‌టాప్ పోయినా ఆ డేటా సర్వర్‌లోనే ఉంటుంది. అలాంటి ప్రోగ్రామ్‌లను బ్రౌజర్ కోసం తిరగరాయడం చాలా సంస్థలకు ఖర్చుతో కూడిన పని, అందుకే వాయిదా వేస్తూనే ఉంటారు.

ఇక మీ రోజువారీ పని. ఎక్కువగా వినబడే మాట "స్లోగా ఉంది" అన్నదే. అసలు నైపుణ్యం అక్కడే ఉంది. ఒక్కరికేనా, బ్రాంచి మొత్తానికా? లాగిన్ ఆలస్యమా, టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడుతోందా, ఒక్క రిపోర్టు దగ్గరే ఆగుతోందా? లాగిన్ దగ్గరైతే యూజర్ ప్రొఫైల్ (ఆ యూజర్ సెట్టింగులు, ఫైళ్లు) ఉబ్బిపోయి ఉండొచ్చు, గ్రూప్ పాలసీ (అడ్మిన్ ఒకేచోట నుంచి అందరికీ పెట్టే సెట్టింగులు) ఏదో లేని ప్రింటర్ కోసం వెతుకుతూ ఉండొచ్చు. అక్షరాలు ఆలస్యమైతే లైన్‌లో ప్యాకెట్లు (డేటా ముక్కలు) మధ్యలోనే పోతున్నాయేమో, లేదా అదే సర్వర్ మీద ఇంకొకరి ఎక్సెల్ సీపీయూ మొత్తం తినేస్తోందేమో చూడాలి. రిపోర్టు ఒక్కటే అయితే డేటాబేస్ వైపు వెళ్లాలి. ఇలా విడదీసి చూడగలిగేవాళ్లకు ఏ సిస్టమ్స్ టీమ్‌లోనైనా చోటు ఉంటుంది.

నాకున్న భయమల్లా ఒకటే. హ్యాంగ్ అయిన సెషన్లు (యూజర్ల లాగిన్లు) రీసెట్ చేస్తూ, ఫిర్యాదు టికెట్లు మూసేస్తూ ఏళ్లు గడిపేసేవాళ్లున్నారు. మీరు ఆ బాటలో పడకండి. ప్రోడక్ట్ మెనూలు నేర్చుకుని ఆగిపోవద్దు. మెటాఫ్రేమ్, ప్రెజెంటేషన్ సర్వర్, జెన్‌యాప్, వర్చువల్ యాప్స్ అంటూ సిట్రిక్స్‌లో పేర్లే ఎన్నిసార్లు మారాయో చూడండి! యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లను, అనుమతులను చూసే వ్యవస్థ), డీఎన్‌ఎస్ (పేర్లను నెట్‌వర్క్ అడ్రసులుగా మార్చేది), సర్వర్ గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్లు, పవర్‌షెల్ (విండోస్ పనులకు స్క్రిప్టులు రాసే భాష), కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) పట్టుకోండి. అవి ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. పవర్‌షెల్ రాయడమూ కోడింగే.

చేరేలోపు ఇంట్లోనే ఒక ల్యాబ్ పెట్టుకోండి. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. విండోస్ సర్వర్ ట్రయల్ 180 రోజులు ఉచితం, దూరంనుంచి లాగిన్ అవడానికి అందులో ఉండే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌కు లైసెన్స్ లేకుండా 120 రోజుల గడువు ఉంటుంది. వర్చువల్ మెషీన్లుగా ఒక డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు సరిచూసే సర్వర్), ఒక సెషన్ హోస్ట్ (ప్రోగ్రామ్‌లు నడిచే సర్వర్), ఒక క్లయింట్ (బ్రాంచి యూజర్ కంప్యూటర్), మధ్యలో రూటర్‌గా ఒక లినక్స్ మెషీన్. ఆ లినక్స్‌లో నెట్‌వర్క్ వేగాన్ని మార్చే టీసీ (tc) కమాండ్‌తో 150 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి నోట్‌ప్యాడ్‌లో ఒక పేరా టైప్ చేయండి. దూరపు బ్రాంచి వాళ్ల విసుగు ఏంటో మీ వేళ్లకే తెలుస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును మాత్రం నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాత విండోస్ మెషీన్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలుండేది.

ఆఫర్ ఒప్పుకునే ముందు టీమ్ లీడ్‌ను రెండు విషయాలు అడగండి. నైట్ షిఫ్టులు ఎలా ఉంటాయి? సర్వర్ ఇమేజ్‌లు (కొత్త సర్వర్లకు అచ్చులాంటి సిద్ధం చేసిన కాపీలు) తయారుచేసే పని ట్రైనీలకు ఎప్పటినుంచి ఇస్తారు? రెండోదానికి స్పష్టమైన జవాబు వస్తే చేరిపోండి. మాట దాటేస్తే ఇంకో ఆఫర్ కోసం చూడండి.