బాత్‌రూమ్ కర్టెన్ కోసం నాలుగు బెజ్జాలు కొడితే అడ్వాన్స్‌లో 22 వేలు పట్టుకోవచ్చా?

సందేహం: హన్మకొండలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో రెండేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. బాత్‌రూమ్ మెట్ల కింద ఉంది, పైకప్పు ఏటవాలు. తలుపు దగ్గర ఏడడుగులు, ఆ చివర నాలుగే. షవర్ తిప్పితే నీళ్లు గీజర్ స్విచ్ దాకా చిందేవి. షవర్ కర్టెన్ కోసం స్ప్రింగ్ రాడ్ పెట్టి చూశాం, ఏటవాలు వైపు కొస నిలవక రోజూ జారిపడేది. ఓనర్ గారికి వాట్సాప్ చేస్తే "మీరే ఏదో ఒకటి చూసుకోండమ్మా" అన్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఏటవాలు స్లాబుకే నాలుగు బెజ్జాలు కొట్టించి ట్రాక్ బిగించుకున్నాం. వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఓనర్ గారు "స్లాబు ఖరాబ్ చేశారు, చెమ్మ దిగుతోంది, మేకు కూడా కొట్టొద్దని అగ్రిమెంట్‌లో ఉంది" అంటూ 30 వేల అడ్వాన్స్‌లో 22 వేలు పట్టుకుంటానన్నారు. గట్టిగా అడిగితే పోలీస్ కేసు పెడతారట. చివరి నెల కిరాయి 10 వేలు ఇవ్వకుండా సర్దుకోవచ్చా? ట్రాక్ తీసేయాలా, ఉంచాలా?

సలహా: ముందు ఆ పోలీస్ కేసు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. ఒకరి ఆస్తికి నష్టం చేశారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 324 కింద కేసు నిలవాలంటే, నష్టం చేయాలనే ఉద్దేశం ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసే ఆ పని చేసి ఉండాలి. కరెంటు స్విచ్ మీద నీళ్లు పడకుండా కర్టెన్ కట్టుకోవడంలో ఆ ఉద్దేశం ఎక్కడుంది? ఇది డబ్బు తగాదా, సివిల్ వ్యవహారం. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినా భయపడకుండా ఇదే మాట చెప్పండి.

ఇక అసలు విషయం. నా అభిప్రాయం ఉన్నదున్నట్టు చెబుతాను, ఇందులో సగం మీకు నచ్చకపోవచ్చు. బెజ్జాలు పూడ్చే ఖర్చు మీదే. స్లాబు రిపేరు ఖర్చు మాత్రం, అది మీ బెజ్జాల వల్లే పాడైందని ఆయన రుజువు చేస్తే తప్ప, మీది కాదు. ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకె చెప్పడం వల్లే గొడవంతా వచ్చింది.

మీ కిరాయి 10 వేలు కాబట్టి రెంట్ కంట్రోల్ చట్టం మీకు వర్తించదు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు రూ. 3,500 దాటిన ఇళ్లు ఆ చట్టం బయటికి వెళ్లిపోయాయి. అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా చట్టంలో ఉన్న మాట నిజమే కానీ, ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ నడుస్తుంది. కాబట్టి మనం చూడాల్సింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులో సెక్షన్ 108. ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నారో అదే స్థితిలో అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మాత్రం లెక్కలోకి రాదు అని అది చెబుతుంది. రెండేళ్లకు సున్నం వెలిసిపోతే, కుళాయి వాషర్ అరిగితే అది వాడకం. డ్రిల్లింగ్ మెషిన్‌తో స్లాబుకు కొట్టించిన బెజ్జాన్ని వాడకం అని నేను వాదించలేను, మీరూ వాదించకండి.

అయితే బెజ్జానికీ చెమ్మకూ ముడిపెట్టే దగ్గర ఓనర్ గారి వాదన బలహీనం. స్లాబు అడుగున కొట్టిన బెజ్జం నీళ్లను పుట్టించదు, చెమ్మ పైనుంచే దిగాలి. మీవి బయటి మెట్లే అయితే వాన నీళ్లు, మెట్లు కడిగిన నీళ్లు, మెట్టుకూ మెట్టుకూ మధ్య అతుకుల్లోంచి ఇంకి స్లాబులోకి చేరతాయి, ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడతాయి. బెజ్జం ఉంది కాబట్టి అక్కడ బొట్టు కనబడిందేమో, లేకపోతే ఇంకోచోట పెచ్చు ఊడి కనబడేది. ఒక్కోసారి అసలు లీకేజీయే ఉండదు, కిటికీ సరిగా లేని బాత్‌రూమ్‌లో వేడినీళ్ల ఆవిరి ఆ పల్లపు కప్పుకు పట్టి చెమ్మలా కనిపిస్తుంది. నేను లా చదివే రోజుల్లో ఉన్న అద్దె గదికి కూడా మెట్ల కింద బాత్‌రూమే, ఎవరూ ఏ బెజ్జమూ కొట్టకపోయినా వానాకాలమంతా అందులో గోడ నల్లగా ఉండేది. అందుకే ఈ విషయంలో మేస్త్రీ చూసి చెప్పేదాకా ఎవరి మాటా నేను ఒప్పుకోను.

మీకు వ్యతిరేకంగా ఉన్నది కూడా చెప్పాలి. మెట్ల స్లాబుకు బరువు మోసే ముఖ్యమైన చువ్వలు అడుగు వైపే ఉంటాయి, వాటి మీద కాంక్రీట్ కవరింగ్ సాధారణంగా 20 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ప్లగ్గు కోసం కొట్టే బెజ్జం 35, 40 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది. అంటే డ్రిల్ బిట్ చువ్వను తాకి ఉండొచ్చు, ఆ బాత్‌రూమ్ తడికి అక్కడ తుప్పు మొదలై ఉండొచ్చు. ఒక స్క్రూ విప్పి బెజ్జం చుట్టూ చూడండి. ఎర్రటి తుప్పు మరక ఉంటే మీ బాధ్యత నాలుగు ప్లగ్గుల కంటే పెద్దది, అప్పుడు మాట్లాడే తీరు మారాలి. మరక లేకుండా పొడిగా ఉంటే ఇది వైట్ సిమెంట్‌తోనో పుట్టీతోనో ఒక పూటలో అయిపోయే పని.

ఓనర్ గారి సమక్షంలోనే ఒక మేస్త్రీని పిలిపించండి. వాన లేని రోజున పైమెట్ల మీద రెండు బకెట్ల నీళ్లు పోయించి, కొన్ని గంటల తర్వాత, వీలైతే మర్నాడు కూడా, కింద ఎక్కడ తడి తేలుతుందో వీడియో తీయండి. బెజ్జాలకు దూరంగా తడి తేలితే ఆయన 22 వేల లెక్కకు ఆధారం పోయినట్టే.

అగ్రిమెంట్ సంగతి. మేకు కొట్టొద్దని రాసుకుని సంతకం పెట్టారు, అది మాట ఇచ్చినట్టే. చట్టప్రకారం మాత్రం ఆ కాగితానికి ఒక లోపం ఉంది. చాలామంది 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అది సరే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17ను సవరించి, ఎన్ని నెలలకైనా సరే, రాసుకున్న లీజు ప్రతిదీ రిజిస్టర్ కావాలన్నారు. తెలంగాణలోనూ అదే నడుస్తోంది. మీది నోటరీ చేయించిన స్టాంపు కాగితమే అయి ఉంటుంది, కాబట్టి అందులోని షరతును కోర్టులో పట్టుకుని వాదించడం ఆయనకు అంత సులువు కాదు. కానీ ఆ కత్తి రెండు వైపులా తెగుతుంది. అడ్వాన్స్ ఇచ్చినట్టు రాసింది కూడా ఆ కాగితంలోనే కదా. 30 వేలు బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపి ఉంటే ఆ స్టేట్‌మెంట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.

దీనికంటే నాకు బలంగా కనిపిస్తున్నది ఆ వాట్సాప్ మెసేజ్. నీళ్లు స్విచ్ మీద పడుతున్నాయని మీరు చెప్పారు, "మీరే ఏదో ఒకటి చూసుకోండమ్మా" అని ఆయన జవాబిచ్చారు. స్లాబుకు బెజ్జం కొట్టుకోండి అని ఆయన అనలేదు, ఆ మాట ఆయన లాయర్ తప్పకుండా అంటాడు. కానీ సమస్య తెలిసి, పరిష్కారం మీకే వదిలేసి, రెండేళ్లుగా కిరాయి తీసుకుంటూ ఏమీ అనని మనిషి ఖాళీ చేసే వేళ షరతు గుర్తుచేస్తే కోర్టు ఆ రెండూ చూస్తుంది. మధ్యలో ఎప్పుడైనా ఇంట్లోకి వచ్చి ఆ కర్టెన్ చూశారా? చూసి ఉంటే ఆ సందర్భం, తేదీ గుర్తున్నంత వరకు రాసుకోండి. ఆ చాట్ డిలీట్ చేయకండి, ఆ ఫోన్ కూడా అమ్మేయకండి. స్క్రీన్‌షాట్లు, ఫొటోలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, అప్పుడు అసలు ఫోన్ మీ దగ్గరుండటం మేలు.

అడ్వాన్స్ ఓనర్ దగ్గర ఉన్నా అది మీ డబ్బే. నిజంగా జరిగిన నష్టం మేరకే పట్టుకోవాలి, ఎంత నష్టమో చూపాల్సింది ఆయనే. కాంట్రాక్టు చట్టంలోని 73, 74 సెక్షన్ల సారం ఇదే. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, నష్టమే లేనప్పుడు డిపాజిట్ జప్తు చేసుకోవడం కుదరదని చెప్పింది. అది భూమి వేలం కేసు, అద్దె కేసు కాదు, అయినా సూత్రం మీకు పనికొస్తుంది. మేస్త్రీ అంచనా కాగితం మీద అడగండి. నోటితో చెప్పిన 22 వేలకు విలువ లేదు.

చివరి నెల కిరాయి ఆపొద్దు. అందరూ చేసే పని అదే, నేను వద్దనేది కూడా అదే. ఇప్పటిదాకా ఆయన దగ్గర బెజ్జాల ఫిర్యాదు ఒక్కటే ఉంది, కిరాయి ఆపితే బాకీ అనే రెండోది మీరే చేతికిచ్చినట్టవుతుంది. ఆయన "అడ్వాన్స్‌లో సర్దుకుందాం" అని మెసేజ్ పెడితే అప్పుడు సర్దుకోండి.

ట్రాక్ తీసేయండి, అదీ తాళం ఇవ్వకముందే. మీరు బిగించుకున్న వస్తువును ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నంతవరకే తీసుకెళ్లే హక్కు సెక్షన్ 108 ఇస్తుంది, తర్వాత కాదు, తీసినచోట ముందున్నట్టు చేసి ఇవ్వాలనీ అంటుంది. తీయకముందు, తీశాక, పూడ్చాక ఫొటోలు తీయండి. కొత్త ఇంట్లో కూడా ఇలాంటి కప్పే తగిలితే, ఏటవాలుకు కాకుండా దాని కింద ఎదురెదురుగా ఉన్న రెండు నిలువు గోడల మధ్య రాడ్ బిగించి, కర్టెన్‌నే వాలుకు తగ్గట్టు కత్తిరించుకోండి. అప్పుడు స్ప్రింగ్ రాడ్ కూడా నిలుస్తుంది.

ఇంత చేసినా ఇవ్వనంటే నేరుగా దావాకు వెళ్లొద్దు. కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే ఓనర్ గారికి నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. ఫీజు లేదు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను కూడా ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. అక్కడ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కుదరకపోతే డబ్బు వసూలు దావాకు మూడేళ్ల గడువు ఉంది.

ఈ రాత్రే ఆయనకు మర్యాదగా ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "అంకుల్, బాత్‌రూమ్ ట్రాక్ తీసి నాలుగు బెజ్జాలూ మా ఖర్చుతో పూడ్పిస్తాం. చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో మీ ముందే మేస్త్రీకి చూపిద్దాం, ఈ ఆదివారం మీకు వీలవుతుందా? బెజ్జాల వల్ల వేరే నష్టం ఉందని తేలితే అంచనా కాగితం ఇవ్వండి, ఆ మేరకు మాట్లాడుకుందాం. చివరి నెల కిరాయి ఎప్పటిలాగే వేస్తాను. తాళం ఇచ్చే రోజు మిగతా అడ్వాన్స్ ఇవ్వగలరు."