ఆర్‌వీలో రాత్రి మజిలీ: షాపు పార్కింగ్‌లో పడుకోవచ్చా?

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నట్టున్నాయి, ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆర్‌వీ ప్రయాణాల గురించే వచ్చాయి. ఆర్‌వీ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట: పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం అన్నీ లోపలే ఉండే పెద్ద బండి. అమెరికాలో మనవాళ్లు చాలామంది అద్దెకు తీసుకుని వారం పది రోజులు తిరిగొస్తున్నారు. మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఏటా ఒక్కసారైనా ఇలా బయల్దేరుతాం కాబట్టి, తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. జూలైలో అత్తయ్య, మామయ్య వస్తున్నారు. ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం ఆర్‌వీలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. దారిలో వాల్‌మార్ట్ పార్కింగ్‌లో ఉచితంగా పడుకోవచ్చని ఆఫీసులో ఒకరు చెప్పారు, నిజమేనా? మామయ్యకు షుగర్, ఇన్సులిన్ వాడతారు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీపాప్ మిషన్ కూడా పెట్టుకుంటారు. (ఒక పాఠకురాలు, డల్లాస్)

జవాబు: మీకు చెప్పింది సగం నిజం. ఆర్‌వీల్లో తిరిగేవాళ్లు తమకు మంచి కస్టమర్లని, వీలున్నచోట పార్కింగ్ ఇస్తామని వాల్‌మార్ట్ కంపెనీయే చెబుతుంది. కానీ ఇవ్వాలా వద్దా అన్నది ఆ స్టోర్ మేనేజర్ చేతిలో ఉంటుంది, స్థలాన్ని బట్టీ, ఆ ఊరి చట్టాన్ని బట్టీ. కొన్ని ఊళ్లలో రాత్రి బండిలో పడుకోవడమే నిషేధం, అక్కడ మేనేజర్‌కు ఇష్టమున్నా ఒప్పుకోలేడు. కొన్ని స్టోర్లు వేరే వాళ్ల స్థలంలో అద్దెకు ఉంటాయి, అక్కడ మాట స్థలం యజమానిది. కాబట్టి "పోయినేడాది మా ఫ్రెండు అక్కడే పడుకున్నాడు" అన్నది లెక్కలోకి రాదు. ఆ రోజు మధ్యాహ్నమే, ఏ ఊళ్లో ఆగాలనుకుంటున్నారో ఆ స్టోర్‌కే ఫోన్ చేసి, మేనేజర్‌ని అడిగి, "ఒక్క రాత్రికి ఆర్‌వీ పెట్టుకోవచ్చా, ఎక్కడ పెట్టమంటారు" అని కనుక్కోండి. సరేనన్నవాళ్ల పేరు రాసి పెట్టుకోండి. రాత్రి సెక్యూరిటీ మనిషి వచ్చి అడిగితే ఆ పేరే మీకు ఆధారం.

ఇక మీ దారి. డల్లాస్ నుంచి 287 హైవే పట్టుకుంటే అమరిల్లో దాదాపు 360 మైళ్లు, ఆర్‌వీలో పెద్దవాళ్లతో మొదటి రోజుకు అది చాలు. కానీ ఆ మొదటి రాత్రి షాపు పార్కింగ్ వద్దు అంటాను, గట్టిగానే అంటాను. జూలైలో టెక్సాస్‌లో సూర్యుడు పడ్డాక కూడా తారు వేడి కక్కుతూనే ఉంటుంది. పార్కింగ్‌లో కరెంటు కనెక్షన్ ఉండదు, బండి పైనున్న ఏసీ బ్యాటరీ మీద నడవదు. జనరేటర్ వేస్తే నడుస్తుంది గానీ, దాన్ని వేసుకుని నిద్రపోవడం ప్రమాదం. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, కిటికీలోంచి లోపలికి వచ్చినా తెలియదు. పక్క బండివాళ్లకు ఆ మోత నరకం, అదొకటి. ఆ రాత్రికి డబ్బు పోయినా సరే, కరెంటు, నీళ్లు ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసుకోండి. కొలరాడో దాటి వయోమింగ్‌లోకి వెళ్లాక సంగతి వేరు. అక్కడి ఊళ్లలో షైయెన్ 6,000 అడుగుల ఎత్తు, లారమీ 7,200. జూలైలో కూడా రాత్రి దుప్పటి కావాలి. షాపు పార్కింగ్ ఆలోచన అక్కడ పెట్టుకోండి.

ఎల్లోస్టోన్ లోపల మాత్రం ఎక్కడ పడితే అక్కడ ఆపి పడుకోవడానికి వీల్లేదు. వ్యూ పాయింట్ల దగ్గర, పిక్నిక్ చోట్ల రాత్రి పార్కింగ్ నిషేధం. బుక్ చేసుకున్న క్యాంప్‌సైట్‌లోనే ఉండాలి. పార్కు లోపల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జ్ క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటే, అది చాలా ముందే నిండిపోతుంది. ఈ ఉత్తరం చదివిన రోజే చూడండి.

మామయ్యగారి విషయం. ఇన్సులిన్‌కు భయం లేదు, అద్దె ఆర్‌వీల్లో చాలావాటిల్లో ఫ్రిజ్ కరెంటు లేనప్పుడు ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తుంది (మీ బండిలో అలాగే ఉందో లేదో తీసుకునేటప్పుడు అడగండి, బ్యాటరీ మీద మాత్రమే నడిచే ఫ్రిజ్‌లు కూడా వస్తున్నాయి). సీపాప్ దగ్గరే చిక్కు. పార్కింగ్‌లో ఉన్నప్పుడు గోడ ప్లగ్గులు పనిచేయవు, ఇన్వర్టర్ ఉంటే తప్ప. ఆ మిషన్‌కు 12 వోల్టుల అడాప్టర్ దొరుకుతుందేమో చూడండి, తేమ ఇచ్చే హీటర్ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. బయల్దేరే ముందు రాత్రి మీ ఇంటి ముందే, ఏ కనెక్షనూ ఇవ్వకుండా ఆయన్ని ఆర్‌వీలో పడుకోబెట్టి చూడండి. తెల్లారేసరికి బ్యాటరీ ఎంత మిగిలిందో చూస్తే పార్కింగ్‌లో గడుస్తుందో లేదో తెలిసిపోతుంది. మిగలకపోతే అన్ని రాత్రులూ క్యాంప్‌గ్రౌండే, ఇందులో పొదుపు చూసుకోవద్దు.

వంట సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్లి అక్కడ తెల్లబోతారు. మైక్రోవేవ్‌దీ అదే కథ. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, గ్యాస్ పొయ్యి మీద అన్నం, పప్పు అయిపోతాయి. పోపు వేసేముందు పైన ఫ్యాన్ తిప్పి కిటికీ తెరవండి, లేదంటే ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం మోగుతుంది, రాత్రి 9 గంటలకు పార్కింగ్ అంతా మీవైపే చూస్తుంది. వంట లోపలే. బయట గ్రిల్ పెట్టడం, కుర్చీలు వేయడం, బండి పక్కనున్న గుడారం విప్పడం, ఇవేవీ షాపు పార్కింగ్‌లో చేయకూడదు. అది క్యాంపింగ్ అవుతుంది, వాళ్లు ఒప్పుకున్నది పార్కింగ్‌కు మాత్రమే.

సాయంత్రం వెలుతురు ఉండగా చేరండి, షాపు తలుపులకు దూరంగా, అంచున, సరుకు లారీలు తిరిగే దారికి అడ్డం లేకుండా పెట్టండి. బండి ఊగకుండా కింద ఆనించే జాకీలు దించవద్దు. వేడికి మెత్తబడ్డ తారులో అవి గుంటలు పెడతాయి. గుంటలు చూసిన మేనేజర్ తర్వాత వచ్చేవాళ్లకు "వద్దు" అంటాడు, అందులో ఆయన తప్పేముంది? చాలాచోట్ల "రాత్రి పార్కింగ్ వద్దు" అనే బోర్డులు పడింది ఇలాగే: ఒకరు గుంటలు పెట్టారు, ఒకరు చెత్త వదిలారు, ఒకరు వాడిన నీళ్లు అక్కడే వదిలేశారు, ఒకరు వారాలు కదల్లేదు. నాకు దీని గురించి నిజంగా బాధ. ఒక రాత్రి, అంతే. పొద్దున్నే పాలు, పళ్లు, పెట్రోలు అక్కడే కొని, మన చుట్టూ పడున్న కాగితాలు మనవి కాకపోయినా ఏరేసి వెళ్లండి.

ఇంకొకటి, అడగలేదు గానీ చెబుతున్నా. ఆరుగురికి ఆరు సీటు బెల్టులు ఉన్న బండేనా అని చూసుకోండి, పడకలు ఎన్ని ఉన్నాయన్నది దాని తర్వాత. బండి కదులుతున్నప్పుడు వెనక మంచం మీద ఎవరూ పడుకోకూడదు, మామయ్యగారు "కాస్త నడుం వాలుస్తానమ్మా" అన్నా సరే.

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలో ఉంటాం. పోయిన నెల ఒక షాపు పార్కింగ్‌లో పడుకుంటే రాత్రి 2 గంటలకు సెక్యూరిటీ వచ్చి తలుపు కొట్టి పొమ్మన్నారు. మాకు బోర్డు ఏదీ కనపడలేదు. ఇలాంటప్పుడు వాదించొచ్చా? హెచ్1బీ మీద ఉన్నాం, పోలీసుల దాకా వెళ్తే ఏమవుతుందోనని టెన్షన్. (ఒక పాఠకుడు, షార్లెట్)

జవాబు: వాదించొద్దు. అది ప్రైవేటు స్థలం, పొమ్మన్నాక ఉండిపోతే అప్పుడది అక్రమ ప్రవేశం కిందికి వస్తుంది. "సారీ, ఇప్పుడే వెళ్తాం" అని బండి తీస్తే దాదాపు ఎప్పుడూ వ్యవహారం అక్కడితో సరి. ఒకవేళ కాగితం మీద టికెట్ ఇస్తే మాత్రం చిన్నదని పక్కన పడేయకుండా ఇమిగ్రేషన్ లాయర్‌కు ఒకసారి చూపించండి.

మాకూ జరిగింది. పేరెందుకు గానీ, ఒక పెద్ద షాపు, మేం వచ్చిన గేటు దగ్గర బోర్డు లేదు, అడగడానికి బద్ధకించి పడుకున్నాం. ఒంటిగంటన్నరకు తలుపు దబదబ బాదారు. పాప భయంతో ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. బయటికి వెళ్తుంటే రెండో గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు! ఆ రోజు నుంచి నేను అడగకుండా ఎక్కడా పడుకోలేదు, పార్కింగ్ చుట్టూ ఒక రౌండు కొట్టి అన్ని గేట్లూ చూస్తాను, ఇరవై మైళ్ల లోపు ఇంకో చోటు కూడా ముందే అనుకుని పెట్టుకుంటాను. బండి ముందు భాగం దారివైపు ఉండేలా పెట్టాలి, తాళాలు చేతికి అందేచోట ఉండాలి, నడపాల్సిన మనిషి ఆ రాత్రి మందు ముట్టకూడదు. అర్ధరాత్రి తీయాల్సి వస్తే నడిపేది తనే కదా.

తలుపు కొడితే వెంటనే తెరవక్కర్లేదు, లైటు వేసి కిటికీలోంచి మాట్లాడండి, ఎవరో చూడండి. పత్రాల సంగతి: అమెరికా పౌరులు కాని, 18 ఏళ్లు నిండినవాళ్లు తమ నమోదు పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టం. హెచ్1బీవాళ్లకైతే ఐ-94, అంటే దేశంలోకి వచ్చినప్పుడు నమోదైన ప్రవేశ పత్రం. చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ప్రింట్ తీసి ఇవ్వండి, బండి అద్దె కాగితాలతో పాటు ఒకే కవరులో.

ప్రశ్న: షాపులకన్నా ట్రక్ స్టాపులు, హైవే రెస్ట్ ఏరియాలు మేలు కదా? (ఒక పాఠకుడు, ఫీనిక్స్)

జవాబు: రెస్ట్ ఏరియాల్లో రాష్ట్రానికో రూలు. టెక్సాస్‌లో 24 గంటల దాకా ఉండొచ్చు, కాలిఫోర్నియాలో 8, ఫ్లోరిడాలో 3 గంటలే. ట్రక్ స్టాపుల్లో పెట్రోలు, ప్రొపేన్ దొరుకుతాయి, మురుగు ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషన్ కూడా చాలావాటిల్లో ఉంటుంది, నేను వాటిని ఎక్కువగా దానికే వాడతాను. ఐ-40, ఐ-80 హైవేల మీద కొన్నింట్లో పంజాబీ ధాబాలు ఉన్నాయి, వేడి రోటీ దొరికితే ప్రాణం లేచొస్తుంది. పడుకోవడానికైతే ఆర్‌వీలకని రాసి ఉన్న స్లాటులోనే పెట్టండి. ట్రక్కు డ్రైవర్లు పని మొదలెట్టాక 14 గంటల్లో 11 గంటలే నడపాలి, ఆ తర్వాత 10 గంటల విశ్రాంతి చట్టప్రకారం తప్పనిసరి. వాళ్ల స్లాటు మనం ఆక్రమిస్తే ఆ మనిషి రాత్రి రోడ్డు పక్కన ఆపుకోవాలి.

ప్రశ్న: నేను తెనాలి నుంచి రాస్తున్నాను. వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి అమెరికా వస్తున్నాను. ఏదో బండిలో తిప్పుతాడట, రాత్రిళ్లు కొట్టు ముందు ఆపి అందులోనే పడుకుంటారట. లక్షలు సంపాదిస్తూ ఈ ఖర్మ ఏమిటమ్మా? నాకేమో మోకాళ్ల నొప్పులు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ చిన్నప్పుడు వీధి అరుగుల మీద దారిన పోయేవాళ్లు పడుకోవడం చూసే ఉంటారు. ఇంటివాళ్లని అడిగి, రాత్రి తలదాచుకుని, తెల్లారి అరుగు ఊడ్చి వెళ్లేవాళ్లు, వాళ్లనెవరూ దిక్కులేనివాళ్లు అనుకోలేదు. ఇదీ అంతే. ఇక్కడ బాగా ఉన్నవాళ్లు, రిటైరైన భార్యాభర్తలు కూడా ఇలాగే తిరుగుతారు. మీవాడు అడిగి ఆపుతున్నాడా లేదా అని మాత్రం మీరు అడగండి.

కొన్ని సంగతులు ముందే తెలిసుంటే ఇబ్బంది పడరు. మీడియం సైజు బండిలో నీళ్లు సుమారు 150 లీటర్లు పడతాయి, అందరి స్నానాలకూ, గిన్నెలకూ కలిపి అవే. చెంబుతో పొదుపుగా పోసుకోవాలి. టాయిలెట్‌లో మనం మగ్గుతో వాడే నీళ్లన్నీ ఒక చిన్న ట్యాంకులోకి పోతాయి, అది నిండితే వాసన వస్తుంది, కాబట్టి అక్కడ కూడా కాస్త తక్కువ. షాపు బాత్రూం వాడుకోవచ్చు గానీ వాల్‌మార్ట్‌లు ఇప్పుడు చాలావరకు రాత్రి 11కు మూసి పొద్దున 6కు తీస్తున్నాయి, రాత్రికి బండిలోదే దిక్కు.

డ్రైవరు తల మీదుగా ఉండే అటక మంచం మీకు వద్దు, నిచ్చెన ఎక్కాలి, అది పిల్లలకు వదిలేయండి. వెనక మంచం మీకిమ్మని చెప్పండి, మొహమాట పడకండి. పార్కింగ్‌లో దీపాలు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, కళ్లకు కట్టుకోవడానికి మెత్తటి గుడ్డ పెట్టుకోండి. బండి మెట్టు ఎత్తుగా, ఇరుగ్గా ఉంటుంది. దిగేటప్పుడు కింద వేసుకోవడానికి వెడల్పాటి గట్టి పీట ఒకటి కొని బండిలో పడేయమని అబ్బాయికి ఇప్పుడే ఫోన్లో చెప్పండి.