మార్మోట్లు చలికాలమంతా నిజంగా నిద్రలోనే ఉంటాయా?

మార్మోట్లు, అంటే చలి కొండల్లో బొరియలు తవ్వుకొని బతికే పెద్ద నేల ఉడుతలు, ఆరు నెలలూ ఏకబిగిన నిద్రపోతాయా, తిండి దొరికితే మధ్యలో లేస్తాయా అని మీరు అడిగారు. ఏకబిగిన పడుకోవు, అయినా తిండి కోసం లేవవు. బొరియలోకి అవి మోసుకుపోయే ఎండుగడ్డి పరుపుగా వాడుకోవడానికే. వేసవిలో ఒంటికి పట్టించుకున్న కొవ్వు ఒక్కటే వాటికి ఆధారం.

ఆల్ప్స్ పర్వతాల మార్మోట్లు బొరియ ద్వారాన్ని మట్టితో, రాళ్ళతో లోపలి నుంచి బిగించుకొని, కుటుంబమంతా ఒకదాన్నొకటి ఆనుకొని పడుకున్నాక వాటి శరీర ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోతుంది, గుండె నిమిషానికి కొద్దిసార్లే కొట్టుకుంటుంది. సుమారు రెండు వారాలకొకసారి ఒళ్ళు వేడెక్కించుకొని, ఒక రోజు మెలకువగా ఉండి, మళ్ళీ చల్లబడతాయి. చలికాలంలో కరిగే కొవ్వులో అధికభాగం ఈ మెలకువలకే ఖర్చవుతుంది. దీన్ని నిద్ర అనడం కంటే చావు అంచుల దాకా వెళ్ళి రావడం అనడమే నాకు సబబుగా తోస్తుంది.

అసలు కష్టం వేసవిలో ఉంది. లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సుకు వెళ్ళే దారిలో ఒక బొద్దు మార్మోట్ రోడ్డు పక్కన వెనుక కాళ్ళ మీద నిలబడి, ఆగిన ప్రతి కారు దగ్గరా బిస్కెట్ అందుకోవడం చూశాను. అంతలో గడ్డిలో మేస్తున్న మరో మార్మోట్ చెవులు చిల్లులుపడేలా ఈల వేసింది. పైన ఒక పెద్ద గద్ద తిరుగుతోంది. క్షణంలో మైదానమంతా ఖాళీ అయింది, మన బిస్కెట్ల మార్మోట్ మాత్రం రెండు చేతులతో ముక్కను పట్టుకొని తాపీగా నములుతూనే ఉంది. గద్ద దిగలేదు కనుక సరిపోయింది.

అంత చలిలోనూ గుండె ఆగిపోకుండా ఉండడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలు వాటికి పచ్చని మొక్కల నుంచే అందుతాయి. బిస్కెట్లతో పెరిగిన పొట్ట చలికాలం గట్టెక్కించదని నా గట్టి నమ్మకం. ఫొటో కోసం వాటిని నిమిరేవారిని చూస్తే నాకు మరీ ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే వాటి బొచ్చులో ఉండే రక్తం పీల్చే పురుగులు ప్లేగును మోయగలవు. 2019లో మంగోలియాలో పచ్చి మార్మోట్ మాంసం తిన్న దంపతులు ఆ జబ్బుతోనే మరణించారు. ఇదే మాట మాతో ప్రయాణిస్తున్న ఒక పెద్దమనిషికి చెప్పబోతే, "అవన్నీ మీకెందుకండీ" అంటూ ఆయన ఇంకో పొట్లం విప్పారు.