తుఫాను వెళ్లిన మర్నాడు చైన్‌సా స్టార్ట్ కాకపోతే

“అన్నా, కొమ్మలు కోసే ఈ చైన్‌సా రెండేళ్ల కింద కొన్నాను. మొత్తం మీద రెండుసార్లు వాడి ఉంటాను. రాత్రి గాలివానకు పెరట్లో పైన్ కొమ్మ విరిగి ఫెన్స్ మీద పడింది. పొద్దున్నుంచి తాడు లాగి లాగి భుజం పట్టేసింది, స్టార్ట్ కావట్లేదు. షాపులో అడిగితే మూడు వారాలు ఆగాలంటున్నారు. కొత్తది కొనేయనా?”

నార్త్ కరోలినాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల దగ్గర్నుంచి జూన్ మొదలు నవంబర్ దాకా, అంటే హరికేన్ల కాలమంతా, నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరికీ మొదట చెప్పేది ఒకటే: అప్పుడే కొనకండి, ముందు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోల్ ముక్కుకి ఘాటుగా తగులుతుంది. పాతబడింది వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. ఆ వాసన వచ్చిందంటే చాలావరకు ఇంజన్‌కి ఏమీ కాలేదు, చెడింది దాని తిండి.

ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. కారుకి దాంతో ఇబ్బంది లేదు, వారం పది రోజుల్లో ట్యాంకు ఖాళీ అయిపోతుంది. చైన్‌సా మాత్రం నెలల తరబడి గరాజ్ మూలన పడి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఫ్యూయల్ ఫిల్టర్ ఉండేదీ ఆ అడుగునే. ఇంకోవైపు పెట్రోల్‌లో త్వరగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది జిగురులా మారి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ లోపలి సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. రబ్బరు గొట్టాలు గట్టిపడి పగులుతాయి. ఆయిల్ కలిపిన పెట్రోల్‌ని 30 రోజులకు మించి దాచొద్దని నేను పట్టుబట్టేది అందుకే. ఇండియాలో కూడా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. ఊళ్లో మీ నాన్నగారికి పురుగుమందు కొట్టే టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే) పవర్ స్ప్రేయర్ ఉంటే, సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి పెట్టమని చెప్పండి. అదీ ఈ జాతిదే.

ఆయిల్ కలపడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ల మిషన్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. పాత చేతక్ స్కూటరో టీవీఎస్ ఫిఫ్టీయో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు బంకులో టూ టీ ఆయిల్ పోయించుకోవడం గుర్తుండే ఉంటుంది. చైన్‌సా ఇంజన్ కూడా అంతే. విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు, పెట్రోల్‌లో కలిపిన ఆయిలే పిస్టన్‌ని కాపాడాలి. ఇప్పటి మిషన్లలో చాలావాటికి 50:1 పాళ్లు, అంటే ఒక గ్యాలన్ పెట్రోల్‌కి 2.6 ఔన్సుల టూ స్ట్రోక్ ఆయిల్. సరిగ్గా ఒక గ్యాలన్‌కి సరిపోయే చిన్న సీసాలు హార్డ్‌వేర్ షాపుల్లో ఉంటాయి. పెట్రోల్ బంకులో పంపు మీద రాసి ఉండే ఆక్టేన్ నంబరు 89కి తగ్గకుండా తీసుకోండి. గడ్డి కోసే మిషన్‌కి ఉట్టి పెట్రోల్ పోస్తాం కాబట్టి రెండు ఎర్ర క్యాన్లూ పక్కపక్కనే ఉంటాయి. మా స్నేహితుడొకరు తొందరలో ఉట్టి పెట్రోల్ క్యాన్ అందుకుని కొత్త చైన్‌సాలో పోశారు. కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ గీతలు పడి పట్టేసింది, ఇక బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. క్యాన్ మీద మార్కర్‌తో ‘కలిపింది’ అని, కలిపిన తేదీ కూడా రాసిపెట్టండి. చైన్‌కి పోసే బార్ ఆయిల్ వేరు, దాని మూత వేరు. ఈ రెండూ మార్చి పోసినవాళ్లనూ చూశాను.

సరే, ఇప్పుడు స్టార్ట్ కాని మిషన్ సంగతి. గరాజ్ తలుపు పూర్తిగా తెరవండి, వీలైతే బయటే కూర్చోండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ ఉండేది గరాజ్‌లోనే, దాని మంటకి ఆ ఆవిరి అంటుకోవచ్చు. స్పార్క్ ప్లగ్ వైరు పీకేశాకే పని మొదలుపెట్టండి.

పాత పెట్రోల్ అంతా వంచేయండి. దాన్ని వాన నీళ్ల కాలువలో పోయకూడదు. ప్రమాదకరమైన ఇంటి చెత్త తీసుకునే కేంద్రాలు మా వేక్ కౌంటీలో ఉన్నాయి, మీ కౌంటీలో ఎక్కడో కనుక్కోండి. తర్వాత ఒక తీగ కొసను కొక్కెంలా వంచి, ట్యాంకు లోపల గొట్టం చివరన ఉన్న ఫిల్టర్‌ని బయటికి లాగండి. నల్లబడి ఉంటే మార్చేయండి, నాలుగైదు డాలర్ల వస్తువు. గొట్టాన్ని వేళ్ల మధ్య వంచి చూడండి. ముఖ్యంగా ట్యాంకులోకి దిగేచోట సన్నటి పగులు ఉంటే అక్కడ గాలి పీలుస్తుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే ఆయిల్ కూడా తక్కువే అందుతుంది, ఇంజన్ వేడెక్కి పోతుంది. కాబట్టి టేపు చుట్టి సరిపెట్టకండి.

కాసేపు నడిచి ఆగిపోతుంటే ట్యాంకులోకి గాలి వచ్చే చిన్న దారి, అంటే వెంట్ మీద అనుమానపడాలి. చల్లారనిచ్చి మూత వదులు చేసినప్పుడు గాలి లోపలికి పీల్చిన చప్పుడై, మూత బిగించాక మళ్లీ స్టార్ట్ అయితే వెంట్ పూడుకుపోయినట్టే. చోక్ ఉన్నంతసేపు నడిచి, చోక్ తీయగానే ఆగుతుంటే, గొట్టం బాగుందని తేలాక, కార్బొరేటర్ విప్పక తప్పదు.

కార్బొరేటర్ అనగానే భయపడతారు కానీ అది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. దాని మీద వాల్‌బ్రో అనో జామా అనో కంపెనీ పేరూ, ఒక నంబరూ ఉంటాయి. ఆ నంబరుకి సరిపోయే రిపేర్ కిట్ తెప్పించుకోండి. కింద తెల్ల టవల్ పరుచుకోండి, దొర్లిపోయిన స్ప్రింగ్ దాని మీదైతేనే కనబడుతుంది. ఒక్కో పొర తీసేముందు ఫోన్‌తో ఫొటో తీయండి, గాస్కెట్ (సందు మూసే పొర) ముందా డయాఫ్రం (వంగే పల్చటి పొర) ముందా అన్నది రెండు వైపులా ఒకేలా ఉండదు. మొదటిసారి విప్పినప్పుడు నా చేతికి వచ్చిన డయాఫ్రం ఎండిన తమలపాకులా ఉంది, వేలితో నొక్కితే పెళపెళమంది. కొత్తది మెత్తగా వంగుతుంది, చప్పుడు చేయదు. ఆ చిన్న పొర గట్టిపడితే పెట్రోల్‌ని లోపలికి వదిలే సూది వాల్వ్ సరిగ్గా తెరుచుకోదు, ఎన్నిసార్లు తాడు లాగినా ఇంజన్‌కి చాలినంత పెట్రోల్ అందదు. లోపల చిన్న జల్లెడ లాంటి వలకి జిగురు పట్టి ఉంటుంది, దాన్నీ తీసి కడగండి. రబ్బరు భాగాలన్నీ తీశాకే కార్బొరేటర్ క్లీనర్ కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకోండి. రంధ్రాల్లో పిన్నీసు దూర్చొద్దు, రంధ్రం పెద్దదైతే పాళ్లు శాశ్వతంగా మారిపోతాయి. సూది వాల్వ్‌ని కదిలించే మీటను వంచొద్దు.

బయట పెట్రోల్ పాళ్లు సరిచేసే ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (ఎక్కువ వేగానికి) అని రెండు స్క్రూలుంటాయి. హెచ్ జోలికి మీరు వెళ్లకండి. దాన్ని ఎక్కువ బిగిస్తే శబ్దం హుషారుగా వినిపిస్తుంది, లోపల పిస్టన్ మాడుతుంటుంది. ఇంజన్ వేగం కొలిచే టాకోమీటర్ ఉన్న మెకానిక్‌కి వదిలేయండి. ఊరికే నడిచేటప్పటి వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ ఒక్కటి చూసుకోండి: యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు చైన్ తిరగకూడదు.

ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే వాడేవాళ్లు ఇథనాల్ లేకుండా ముందే ఆయిల్ కలిపి అమ్మే డబ్బా పెట్రోల్ కొనడం మంచిదని నా గట్టి అభిప్రాయం. బంకు ధరకి ఎన్నో రెట్లు పడుతుంది, నిజమే. కానీ మూత తీశాక కూడా ఏళ్లు నిలవ ఉంటుంది, తుఫాను రోజున నమ్మకంగా పనిచేస్తుంది.

ఫోన్ చేసిన తమ్ముడికి పగిలింది గొట్టమే. సాయంత్రానికి కొత్తది వేసి, తాజా పెట్రోల్ పోసి, నింపినచోటి నుంచి పదడుగులు దూరం జరిగి స్టార్ట్ చేసి, ఆ శబ్దం నాకు ఫోన్‌లో వినిపించాడు. సంతోషంగానే విన్నాను. కానీ చీకటి పడుతోందని ఆపమన్నాను. ఫెన్స్ పొద్దున దాకా ఆగుతుంది. కొమ్మకి కరెంటు తీగ ఎక్కడా తగలట్లేదని వెలుతురులో చూసుకుని, కాళ్లకి చైన్ తగలకుండా కాపాడే చాప్స్, తలకి హెల్మెట్ పెట్టుకుని, పక్కింటాయన్ని తోడు పిలుచుకుని అప్పుడు కోయమన్నాను.